ఆరోగ్యము - దానమా? హక్కా?



ఒక మనుష్యునికి జబ్బు చేసినచో దాని భారము ఎవరిది? రోగిది, అతని యింటివారిది అని పూర్వులు చెప్పిరి. కలిగినవారు ఆసుపత్రి కట్టించినను, వైద్యుడు బీదవానియొద్ద రుసుము పుచ్చుకొనక మందిచ్చినను అది దానము, పుణ్యకార్యము అనిరి. దానము గొప్పదే. కాని దానమునకు ఒక లోపము కలదు. అది ఇచ్చువాని మనస్సుపై ఆధారపడియుండును. నేడు ఇచ్చినవాడు రేపు ఈయకపోయినచో ఏలయని అడుగుటకు వీలులేదు. హక్కు అట్టిది కాదు. హక్కు గలవాడు అడుగవచ్చును. బాధ్యత గలవాడు బదులు చెప్పవలెను. ఆరోగ్యము దానముల పట్టికనుండి హక్కుల పట్టికలోనికి ఎట్లు వచ్చినదో, వచ్చిన పిమ్మట ఆ హక్కు ఎంతవఱకు చెల్లుబడియైనదో మీకు మనవి చేసెదను.

ప్రభుత్వములు రోగములను గూర్చి మొట్టమొదట ఆలోచించినది రోగిమీది కనికరముచేత కాదు, భయముచేత. ఐరోపాఖండమున ప్లేగు చెలరేగిన కాలమున, 1377వ సంవత్సరమున, రగూసా యను రేవుపట్టణమువారు ఒక కట్టడి చేసిరి. ఆ పట్టణమును నేడు దుబ్రోవ్నిక్ అందురు. రోగమున్న దేశములనుండి వచ్చినవారు 30 దినములు ఊరిబయట నిలిచి, పిమ్మటనే లోనికి రావలెనని ఆ కట్టడి. తరువాత ఆ గడువు 40 దినములైనది. ఇటలీభాషలో నలుబదిని ‘క్వరాంతా’ అందురు. నేడు మనము వినుచున్న ‘క్వారంటైను’ అను మాట అందుండి పుట్టినదే. ఈ పద్ధతివలన ఊరికి కొంత రక్షణ కలిగెను. బయట నిలిచిన రోగికి ఏమి కలిగెనో ఎవరును అడుగలేదు.

1817వ సంవత్సరమున వంగదేశమున చెలరేగిన విషూచి, అనగా కలరా, వర్తకుల వెంటను, సైన్యముల వెంటను, ఓడల వెంటను దేశములు దాటిపోయెను. 1831, 1832 సంవత్సరములలో ఇంగ్లాండు, ఫ్రాన్సు దేశములను ముట్టెను. ఒక్కొక్క రేవు ఒక్కొక్క విధముగ ఓడలను నిలిపివేయుచుండుటచేత వర్తకము చెడిపోవుచుండెను. అందుచేత 1851వ సంవత్సరము జూలైలో 12 ప్రభుత్వములవారు పారిసు నగరమున సమావేశమైరి. ప్రతి ప్రభుత్వము ఒక వైద్యుని, ఒక రాయబారిని పంపెను. ఆరోగ్యవిషయమై అనేక దేశములు కూడి మాటలాడిన సభలలో ఇదియే మొదటిది. ఆఱునెలలు చర్చించిరి. విషూచి అంటువ్యాధియా కాదా యను ప్రశ్నకే ఏకాభిప్రాయము కుదరలేదు. ఓడ ఎన్ని దినములు నిలువవలెనను ప్రశ్నయే వారికి ముఖ్యము. ఓడలోని మనుష్యుడు బ్రతుకవలెనను ప్రశ్న వెనుకబడెను.

ఇట్లు రేవులయందు వాదములు జరుగుచుండగా, నగరముల లోపల మఱియొక జ్ఞానము పుట్టుచుండెను. ఇంగ్లాండులో ఎడ్విన్ చాడ్విక్ అను నతడు కూలిజనుల నివాసములను పరిశీలింపజేసి 1842వ సంవత్సరమున ఒక నివేదిక ప్రకటించెను. మురుగు, ఇఱుకిండ్లు, చెడునీరు మనుష్యుల ఆయువును హరించుచున్నవని అందు చూపెను. 1848వ సంవత్సరమున ఆ దేశమున ప్రజారోగ్యచట్టము పుట్టెను. 1854వ సంవత్సరమున లండనునందు బ్రాడ్ వీధి ప్రాంతమున విషూచి తగిలి పది దినములలో 500 మందికి పైగా మరణించిరి. జాన్ స్నో యను వైద్యుడు ఇంటింటికి తిరిగి, ఎవరు ఏ నీరు త్రాగిరో విచారించెను. ఆ ప్రాంతముననే 535 మంది బీదలు నివసించు వసతిగృహ మొకటి యుండెను. అందు విషూచిచేత చనిపోయినవారు అయిదుగురే. ఆ గృహమునకు సొంతబావి యుండెను. వారు వీధిపంపు నీరు త్రాగలేదు. స్నో చెప్పిన మాట విని అధికారులు సెప్టెంబరు 8వ తేదీన పంపు పిడిని ఊడదీయించిరి. అప్పటికే రోగము కొంత తగ్గుముఖము పట్టియుండెను. ఐనను ఆయన చూపిన కారణము సత్యమైనది. విషూచి క్రిమిని రాబర్టు కోఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1884వ సంవత్సరమున కలకత్తాలో పరిశోధించి, దాని సంగతి లోకమునకు రూఢిపఱచెను.

పెద్దలు ఈ సంగతిని చక్కగా గమనింపవలెను. రోగము కర్మఫలమనియో, దేవతాగ్రహమనియో తలచినంతకాలము దానికి మనుష్యులలో జవాబుదారి ఎవడును లేడు. రోగము త్రాగునీటినుండి వచ్చినదని తెలిసినంతనే, ఆ నీటిని ఏర్పాటు చేయువాడెవడను ప్రశ్న పుట్టును. కారణము పదిమందికి ఉమ్మడిదైనచో బాధ్యతయు ఉమ్మడిదే. ఆరోగ్యము హక్కు అను భావమునకు విత్తనము ఇక్కడ పడినది.

అటుపిమ్మట 1892వ సంవత్సరమున విషూచినిగూర్చియు, 1896వ సంవత్సరమున బొంబాయిలో ప్లేగు పుట్టగా మఱుసటియేట వెనిసు నగరమున ఆ రోగమునుగూర్చియు ఒడంబడికలు జరిగెను. 1907వ సంవత్సరమున పారిసునందు శాశ్వతముగ ఒక కార్యాలయ మేర్పడెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిదప నానాజాతి సమితి ఒక ఆరోగ్యశాఖను నెలకొల్పి, మందుల ప్రమాణములను, ప్రజల ఆహారస్థితిని పరిశీలింపజేసెను. ఇవి మంచి పనులే. ఐనను సామాన్యునికి నీ ఆరోగ్యము నీ హక్కని చెప్పినవారు ఇంకను లేకుండిరి.

ఆ మాట రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట వచ్చెను. 1945వ సంవత్సరమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఐక్యరాజ్యసమితిని స్థాపించు సభ జరుగుచుండగా, ఆరోగ్యమునకై ఒక ప్రపంచసంస్థ కావలెనని బ్రెజిలు, చైనా దేశముల ప్రతినిధులు పట్టుబట్టిరి. 1946వ సంవత్సరము జూలై 22వ తేదీన న్యూయార్కులో 61 దేశములవారు ప్రపంచారోగ్యసంస్థ నిబంధనావళిపై చేవ్రాలు చేసిరి. అది 1948వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన అమలులోనికి వచ్చెను. ఏటేట ఆ తేదీననే ఆరోగ్యదినము జరుపుచున్నారు. ఆ నిబంధనావళిలో రెండు గొప్ప సంగతులు కలవు. ఆరోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదనియు, దేహమునకు, మనస్సునకు, సంఘజీవనమునకు కలిగిన సంపూర్ణక్షేమమనియు చెప్పుట మొదటిది. పొందనలవియైన అత్యున్నతారోగ్యమును అనుభవించుట జాతి, మతము, రాజకీయాభిప్రాయము, ధనస్థితి అను భేదము లేక ప్రతి మానవునికి మూలహక్కు అని చెప్పుట రెండవది. ఆ సంవత్సరమే డిసెంబరు 10వ తేదీన ప్రకటింపబడిన మానవహక్కుల ప్రకటనలో 25వ అధికరణము ఆహారము, వస్త్రము, గృహము, వైద్యము ఆరోగ్యమునకు తగినంతగా కలుగవలెనని చెప్పినది.

మనదేశముననుగూడ ఆ కాలముననే ఇట్టి ఆలోచన జరిగెను. 1943వ సంవత్సరమున సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1946వ సంవత్సరమున తన నివేదిక నిచ్చెను. అప్పటి లెక్కలు విన్నచో గుండె చెదరును. పుట్టిన 1000 మంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండ చనిపోవుచుండిరి. ఈ దేశమున పుట్టినవాని సగటు ఆయువు సుమారు 27 ఏండ్లు. డబ్బు ఇచ్చుకొనలేని కారణమున ఎవనికిని వైద్యము తప్పిపోరాదని ఆ సంఘము చెప్పెను. పల్లెల నడుమ ఆరోగ్యకేంద్రములు వెలయవలెననెను. 1952వ సంవత్సరమునుండి సమాజవికాస పథకము క్రింద ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు మొదలైనవి. నేడు శిశుమరణములు 1000కి 30 కంటె తగ్గినవి. సగటు ఆయువు 70 ఏండ్ల ప్రాంతమునకు వచ్చినది. ఇది తనంతట తాను వచ్చిన మార్పు కాదు. నీరు, ఆహారము, టీకా, మంత్రసాని పనికి తగిన శిక్షణ, చదువు అన్నియు కలిసి తెచ్చినది.

ప్రపంచమంతయు ఏకమైనచో ఏమి సాధింపగలదో మశూచి చరిత్ర చెప్పుచున్నది. పెద్దమ్మవారు పోసినదని మన పల్లెలలో వేపమండలు కట్టి, చల్లనినీరు చల్లి, జాతరలు చేసిన దినములను మీలో వృద్ధులు ఎఱుగుదురు. ముఖమున స్ఫోటకపు మచ్చలు, పోయిన కన్నులు ఆ రోగపు గుర్తులు. 1796వ సంవత్సరమున ఎడ్వర్డ్ జెన్నర్ టీకా కనిపెట్టినను, అది పుట్టి 170 ఏండ్లైన పిమ్మట, అనగా 1967వ సంవత్సరమునగూడ, ఏటికి కోటిమందికి తక్కువ కాకుండ ఈ రోగము తగులుచుండెనని అంచనా. ఆ యేట ప్రపంచారోగ్యసంస్థ గట్టిపట్టు పట్టెను. అమెరికా, సోవియట్ దేశములు పరస్పరవైరమున నుండియు ఈ పనిలో మాత్రము చేయి కలిపెను. రెండుమొనలు గల చిన్నసూదితో కొంచెము మందే చాలినది. ఊరంతటికి మాత్రమే కాక, రోగి యెక్కడ నున్నాడో ఇంటింట వెదకి, అతని చుట్టునున్నవారికందఱికి వెంటనే టీకా వేయు పద్ధతి నవలంబించిరి. రోగి జాడ చెప్పినవారికి మనదేశమున బహుమానము లిచ్చిరి. 1975వ సంవత్సరము మే నెలతో మనదేశమున మశూచి ముగిసెను. 1977వ సంవత్సరము అక్టోబరులో సోమాలియా దేశమున సహజముగ వచ్చిన చివరి రోగము కనబడెను. 1980వ సంవత్సరము మే 8వ తేదీన మశూచి భూమిమీద లేదని ప్రకటించిరి. ఇక్కడ ధనికుని బిడ్డకు బీదవాని బిడ్డకు సమముగ టీకా అందెను. సమముగ అందినందుననే రోగము పోయెను. ఒక్క గుడిసె విడిచిపెట్టినను అది మరల లోకమంతటికి వచ్చియుండెడిది.

ఇందుకు మాఱుగా మలేరియా కథను చూడుడు. ఆడుదోమ కడుపులో ఆ రోగపు క్రిమిని రొనాల్డ్ రాస్ కనుగొనినది మన సికింద్రాబాదులోనే, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన. 1955వ సంవత్సరమున ఆ రోగమును లోకమునుండి తుడిచివేయుదమని పూనిరి. డి.డి.టి. మందు ఇండ్లలో చల్లిరి. మనదేశమున రోగుల సంఖ్య 1965వ సంవత్సరమునాటికి సుమారు ఒక లక్షకు దిగెను. చూచినవారు ఇక పని ముగిసినదనుకొనిరి. దోమలు మందునకు అలవాటుపడెను. చల్లువారు వెడలిపోయిన పిమ్మట జ్వరపడినవాని రక్తము పరీక్షించి, వెంటనే మందిచ్చు స్థిరమైన ఏర్పాటు అనేక ప్రాంతములలో లేకుండెను. 1976వ సంవత్సరమున రోగులు 64 లక్షలు దాటిరి. బయటినుండి వచ్చి చేసి పోయిన పని ఊరిలో నిలువదని ఈ కథవలన తేలినది.

ఈ రెండు అనుభవముల నడుమ 1978వ సంవత్సరము సెప్టెంబరులో, నేటి కజకస్థానులోని ఆల్మా ఆటా నగరమున 134 ప్రభుత్వముల ప్రతినిధులు సమావేశమైరి. 2000వ సంవత్సరమునాటికి అందఱికి ఆరోగ్యము కలుగవలెనని సంకల్పించిరి. పట్టణములలో పెద్ద ఆసుపత్రులు కట్టినంతమాత్రమున చాలదనియు, ప్రజల ముంగిట ప్రాథమికారోగ్యసేవ కావలెననియు చెప్పిరి. మంచినీరు, పారిశుద్ధ్యము, తగిన ఆహారము, తల్లిబిడ్డల సంరక్షణ, టీకాలు, స్థానికరోగముల నివారణ, సామాన్యరోగములకు చికిత్స, ముఖ్యమైన మందులు, ఆరోగ్యబోధ ఇవియే ఆ సేవకు అంగములు. ఈ పనిలో ప్రజలు పాల్గొనుట వారి హక్కు, వారి విధియు అనిరి. 2000వ సంవత్సరము వచ్చెను, పోయెను, సంకల్పము నెఱవేరలేదు. 1980 తరువాత అప్పులలో మునిగిన బీదదేశములు అనేకము వైద్యమునకు చేయు వ్యయమును తగ్గించి, రోగులయొద్ద రుసుము వసూలుచేయసాగెను. 2021వ సంవత్సరపు లెక్కనుబట్టి లోకమున సుమారు 450 కోట్లమందికి ముఖ్యమైన ఆరోగ్యసేవలు సంపూర్ణముగ అందుటలేదు.

మందు పుట్టుట వేఱు, మందు రోగికి చేరుట వేఱు. భీమవరమున 1895వ సంవత్సరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచు, బోదకాలు వ్యాధిక్రిములను చంపు మందు వెలువడుటకు కారకులైరి. ఆయన 1948వ సంవత్సరమున పరమపదించిరి. ఆ మందును ఊరూర అందఱికి ఏటేట పంచు దేశవ్యాప్తకార్యక్రమము మనకు 2004వ సంవత్సరమున గాని మొదలుకాలేదు. బోదకాలు బాధ ఎట్టిదో మన కోస్తాజిల్లాలవారికి చెప్పనక్కఱలేదు.

ఎయిడ్సు వ్యాధికి మందులు దొఱికిన క్రొత్తలో ఒక్క రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా వ్యయమగుచుండెను. అంతధనము లేని ఆఫ్రికాదేశములలో జనులు లక్షలకొలది మరణించిరి. 1970వ సంవత్సరపు మన పేటెంటు చట్టము మందు తయారుచేయు విధానమునకే గాని మందునకు గుత్తహక్కు నీయలేదు. ఆ యవకాశముతో 2001వ సంవత్సరమున సిప్లా యను భారతీయసంస్థ దినమునకు ఒక డాలరుకంటె తక్కువకు ఆ మందులిత్తునని ముందునకు వచ్చెను. అదే సంవత్సరము దోహా నగరమున వర్తకసభలో, గుత్తహక్కులు ప్రజారోగ్యమునకు అడ్డు రాకూడదని దేశములు ఒప్పుకొనెను. ఐనను 2020వ సంవత్సరమున కోవిడు వచ్చినప్పుడు ధనికదేశములు టీకాలను ముందుగనే కొని పెట్టుకొనగా, బీదదేశములలో వైద్యులుగూడ మొదటి టీకాకై వేచియుండవలసి వచ్చెను. కాగితముమీది సమత్వము కష్టకాలమున ఎంత పలుచనిదో లోకము చూచెను. ఇట్టి సంకటములకై 2025వ సంవత్సరము మే నెలలో ప్రపంచారోగ్యసభ ఒక ఒడంబడికను ఆమోదించెను.

హక్కు అనగా ఎవరికిని ఎన్నడును రోగము రాదను అభయము కాదు. అట్టి వరము ఏ ప్రభుత్వమును ఈయజాలదు. 1966వ సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికలోని 12వ అధికరణము ఈ హక్కును చెప్పుచున్నది. మనదేశము 1979వ సంవత్సరమున దానిలో చేరినది. 2000వ సంవత్సరమున ఐక్యరాజ్యసమితి సంఘ మొకటి దాని అర్థమును నాలుగు భాగములుగ వివరించినది. ఆసుపత్రి, వైద్యుడు, మందు తగినంత ఉండవలెను. ఉన్నవి అందఱికి అందవలెను. దూరముచేత గాని, ధనముచేత గాని, కులముచేత గాని ఎవడును తొలగింపబడరాదు. చేయు సేవ ప్రజల మర్యాదకు భంగకరము కాకుండవలెను. మందు మంచిదై, పని తెలిసినవాడు చేయవలెను. ఈ నాలిటిలో ఏ యొక్కటి లోపించినను హక్కు లోపించినట్లే. తలుపు తాళము వేసిన ఆరోగ్యకేంద్రము పటమున కనబడును గాని రోగికి కనబడదు.

మన రాజ్యాంగమునందలి 47వ అధికరణము ప్రజారోగ్యమును మెఱుగుపఱచుట ప్రభుత్వపు ప్రధానవిధులలో నొకటి యని చెప్పుచున్నది. 1992వ సంవత్సరమున పశ్చిమవంగమున ఒక వ్యవసాయకూలీ రైలునుండి జారిపడి తలకు గాయమైనప్పుడు, ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచము లేదనియో, సదుపాయము లేదనియో అతనిని త్రిప్పి పంపెను. తుదకు సొంతవ్యయముతో ప్రయివేటు ఆసుపత్రిలో చేరెను. కూలీల సంఘమువారు సుప్రీంకోర్టునకు పోయిరి. 1996వ సంవత్సరమున న్యాయమూర్తులు, ప్రాణాపాయమున నున్నవానికి సకాలమున వైద్యము చేయకుండుట 21వ అధికరణములోని జీవితహక్కును భంగపఱచుట యనియు, ధనము లేదను సాకు చెల్లదనియు తీర్పుచెప్పి, అతనికి 25,000 రూపాయలు పరిహార మిప్పించిరి. దానమడిగినవాడు త్రిప్పిపంపబడినచో ఇంటికి పోవును. హక్కు గలవాడు గనుక ఆ కూలీ న్యాయస్థానమునకు పోగలిగెను.

ఇందు గ్రామపెద్దలకు పని లేదా? చాల కలదు. 2005వ సంవత్సరమున మొదలైన గ్రామీణారోగ్యపథకము క్రింద ప్రతి గ్రామమున ఆరోగ్యము, పారిశుద్ధ్యము, పోషకాహారము చూచుటకు ఒక సంఘ ముండవలెనని ఏర్పాటు కలదు. మీ ఊరిలో అది ఉన్నదా? కూడుచున్నదా? దాని సొమ్ము దేనికి వ్యయమగుచున్నది? త్రాగునీటి తొట్టిని తుదిసారి ఎప్పుడు కడిగిరి? పేటలోని కుళాయికిని, ఊరినడుమ కుళాయికిని ఒకే నీరు వచ్చుచున్నదా? టీకా వేయించుకొనని బిడ్డలెందఱు? పుట్టుకలు, చావులు అన్నియు పుస్తకమున కెక్కుచున్నవా? లెక్కకెక్కని బిడ్డ చనిపోయినచో ఆ చావునకు జవాబు చెప్పవలసినవాడే లేకపోవును. ఈ ప్రశ్నలు చిన్నవిగా తోచవచ్చును. లండను వీధిలో పంపు పిడి ఊడదీయించినదియు ఇట్టి చిన్నప్రశ్నయే: వీరు ఏ నీరు త్రాగిరి?

చదువు తెలిసినవారు, పదిమంది మాట వినువారు మీరే. ఆసుపత్రి గుమ్మమున చేతులు కట్టుకొని నిలిచిన బీదవానికి, ఇది నీకు రావలసినదే యని చెప్పి వెంట నిలువుడు. అడుగువాడు లేని హక్కు, దస్తావేజు పెట్టెలో నుండగా పరులు సాగుచేసికొను పొలము వంటిది.